రెండో జల్లెడ

పసుపు కొనేవాడు కొమ్మును చేతిలోకి తీసుకుని ముందు పైపైన చూస్తాడు, తర్వాత పుటుక్కున విరుస్తాడు. నిజామాబాద్ మార్కెట్ యార్డులో రాశుల మధ్య తిరిగే ఖరీదుదారులు ఏటా చేసే పనే ఇది. ఉడకబెట్టి, ఎండబెట్టి, మెరుగు పట్టించాక కొమ్ములన్నీ ఇంచుమించు ఒకే తీరుగా కనిపిస్తాయి. లోపలి రంగు, ఎండు, పుచ్చు మాత్రం విరిస్తేనే బయటపడతాయి. ఆర్మూర్ పక్కన మా ఆలూర్‌లో, అంకాపూర్‌లో, చుట్టుపక్కల పసుపు పండే ప్రతి ఊళ్లో ఈ విరిచి చూసే అలవాటు చిన్నపిల్లలకూ అబ్బుతుంది.

మన ఒంట్లోని ప్రతి కణమూ ఇలాంటి పరీక్షే చేస్తుంటుంది, అదీ క్షణం తీరిక లేకుండా. ఆ పరీక్షను దాటి లోపలికి చొరబడే కొన్ని అణువుల గురించి కొంతకాలంగా ఆలోచిస్తున్నాను. విషం అనగానే మనకు పాము కోర, పురుగుమందు డబ్బా గుర్తొస్తాయి. ఎక్కడినుంచో వచ్చిన పరాయి పదార్థం మన ఒంటిని కాల్చేస్తుందనే ఊహ ఒకటి మనసులో పాతుకుపోయింది. జీవరసాయన శాస్త్రం కాస్త చదివితే ఆ ఊహ కదిలిపోతుంది. పూర్తిగా పరాయిదాన్ని చాలాసార్లు కణం గుమ్మం దగ్గరే ఆపగలదు. కణాన్ని సులువుగా కూలదోయగలిగేది అయినవాళ్ల ముఖం పెట్టుకుని వచ్చేది.

మన ప్రోటీన్లన్నిటికీ ముడిసరుకు ఇరవై అమైనో ఆమ్లాలు. ఏది ఏ వరుసలో రావాలో జన్యువులో రాసి ఉంటుంది. ఆ రాతను చదివి ప్రోటీన్‌ను అల్లే చోటికి ఒక్కో అమైనో ఆమ్లాన్ని మోసుకొచ్చేది టీ-ఆర్‌ఎన్‌ఏ అనే చిన్న అణువు. సరైన టీ-ఆర్‌ఎన్‌ఏకు సరైన అమైనో ఆమ్లాన్ని తగిలించే పని సింథటేజ్ అనే ఎంజైములది. తప్పు జరిగితే ఇక్కడే జరగాలి. ఈ దశ దాటాక మోసుకొచ్చిన సరుకు సరైనదా కాదా అని ప్రోటీన్ అల్లే చోట గట్టిగా అడిగేవాళ్లు లేరు.

ఐసోల్యూసిన్, వేలిన్ అనే రెండు అమైనో ఆమ్లాలున్నాయి. రెంటికీ తేడా ఒక కార్బన్, రెండు హైడ్రోజన్లు. ఇంత చిన్న తేడాను ఎంజైమ్ పట్టుకోలేదనీ, ఇరవైసార్లకు ఒకసారైనా పొరబడుతుందనీ 1950ల్లో లైనస్ పౌలింగ్ లెక్కగట్టాడు. తర్వాత కొలిచి చూస్తే తప్పు మూడు వేలకు ఒకటి చొప్పున మాత్రమే ఉంది. పౌలింగ్ లెక్కలో లోపం లేదు. ఆయనకు తెలియకుండా ఎంజైమ్ దగ్గర ఇంకో ఏర్పాటు ఉంది. దాన్ని 1977లో అలన్ ఫెర్ష్ట్ ‘రెండు జల్లెడలు’ అన్నాడు. మొదటి జల్లెడ పెద్దవాటిని రానివ్వదు. సరైనదీ, దానికంటే చిన్నదీ అందులోంచి దిగుతాయి. రెండో జల్లెడ కన్నం ఇంకా చిన్నది. సరైనది అందులో పట్టదు కాబట్టి బతికిపోతుంది, చిన్నది అందులో పడి తెగిపోతుంది. పసుపును పైన చూసి, ఆ తర్వాత విరిచి చూసినట్టే రెండు దశల్లో తనిఖీ.

మరి సరిగ్గా అదే కొలతలో ఉన్న దొంగసరుకు వస్తే? రెండు జల్లెడలూ దాన్ని ఏమీ చేయలేవు. కొన్ని మొక్కలు కనిపెట్టుకున్న ఆయుధం అదే.

పందిరికి పాకి, కత్తిలా పొడుగ్గా కాసే తమ్మకాయ మన దగ్గర చాలామందికి తెలుసు. చమ్మకాయ అనీ అంటారు. లేతకాయ కూర వండుకుంటారు. ఆ కుటుంబంలోని జాక్‌బీన్ గింజల నుంచి 1929లో జపాన్ శాస్త్రవేత్తలు కితగావా, తోమియామా కెనవనిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. మన ప్రోటీన్లలో ఉండే ఆర్జినిన్‌కూ దీనికీ ఒకే ఒక్క చోట తేడా. ఆర్జినిన్‌లో కార్బన్ ఉన్న చోట ఇందులో ఆక్సిజన్ ఉంటుంది. ఆకారం, పొడవు దాదాపు అవే. ఆర్జినిన్‌ను తగిలించే సింథటేజ్ దీన్నీ ఆర్జినిన్ అనుకునే తగిలిస్తుంది. తేడా ఆ తర్వాత బయటపడుతుంది. కణం లోపలి వాతావరణంలో ఆర్జినిన్ ఎప్పుడూ ధనావేశంతోనే ఉంటుంది. ఆ ఆవేశం పట్టుతోనే ప్రోటీన్ తన మడతలు సరిగ్గా వేసుకుంటుంది. కెనవనిన్‌కు ఆ పట్టు సగమే ఉంటుంది. ప్రోటీన్ తయారవుతుంది, పేరు అదే, వరుస అదే, కానీ మడత పడదు, పని చేయదు. ఆ గింజ తిన్న పురుగు ఒక్కసారిగా చావదు. దాని ఒంట్లో కొత్తగా కట్టిన ప్రతి గోడా కొద్దిగా వంకరపోతుంది. కోశం కట్టుకునే దశకు వచ్చేసరికి ఒళ్లు పనిచేయదు.

మరి ఆ గింజను తయారుచేసే మొక్క ఎలా బతుకుతోంది? దాని సింథటేజ్‌కు కెనవనిన్‌నూ ఆర్జినిన్‌నూ వేరుచేసి చూడగల చూపు ఉంది. కోస్టారికా అడవుల్లో కెనవనిన్ దండిగా ఉన్న గింజలనే తిని బతికే ఒక పెంకుపురుగుకూ అదే చూపు ఉందని 1970ల్లో జెరాల్డ్ రోసెంతాల్ బృందం తేల్చింది. విషాన్ని జయించడమంటే దాన్ని తట్టుకునే ఒళ్లు సంపాదించడమే కానక్కరలేదని ఆ పురుగును చూస్తే తెలుస్తుంది. గుర్తుపట్టగలిగితే చాలు.

ఇక మనుషుల కథకు వస్తాను. గోదావరి దాటి విదర్భ వైపు పోతే లాఖ్ అనీ లాఖోడీ అనీ, ఛత్తీస్‌గఢ్‌లో తివ్‌రా అనీ, ఉత్తరాదిన ఖేసరి అనీ పిలిచే పప్పు ఒకటి ఉంది. బద్దలు చేశాక కందిపప్పులో కలిస్తే సులువుగా ఆనవాలు పట్టలేం. వరి కోతకు ముందే మడిలో గింజలు చల్లితే, మిగిలిన తేమతోనే మొలిచి పండుతుంది. దున్నక్కర్లేదు, నీళ్లు పెట్టక్కర్లేదు. మిగతా పైర్లన్నీ ఎండిపోయిన ఏడాది కూడా ఇది కాస్తుంది. మాంసకృత్తులు దండిగా ఉంటాయి. పేదవాడికి ఇంతకంటే ఏం కావాలి? కానీ అదొక్కటే తిండిగా రెండు మూడు నెలలు తిన్నవాళ్లలో కొందరికి కాళ్లు బిగుసుకుపోతాయి. మోకాళ్లు ఒకదానికొకటి ఒరుసుకుంటూ, కత్తెర పడినట్టు నడుస్తారు. కొందరు కర్ర పట్టుకుంటారు, కొందరు నేల మీద పాకుతారు. బుద్ధి చెక్కుచెదరదు, చేతులు చాలావరకు బాగానే ఉంటాయి. పోయిన నడక మాత్రం తిరిగి రాదు. వయసులో ఉన్న మగవాళ్లే ఎక్కువగా దీని పాలపడ్డారు. 1830ల్లో, నేటి మధ్యప్రదేశ్‌లోని సాగర్ ప్రాంతంలో గోధుమ పంట పోయి జనం ఈ పప్పు మీద బతికినప్పుడు ఊళ్లకు ఊళ్లలో యువకులు నడక కోల్పోవడం గురించి బ్రిటిష్ అధికారి స్లీమన్ రాసిపెట్టాడు. 1873లో ఇటలీ వైద్యుడు కంటాని ఈ జబ్బుకు లాతిరిజం అని పేరు పెట్టాడు.

పేరు దొరికింది, దొంగ దొరకడానికి ఇంకా దాదాపు తొంభై ఏళ్లు పట్టింది. 1964లో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో పి.ఎస్‌. శర్మ ప్రయోగశాలలో ఎస్‌.ఎల్‌.ఎన్‌. రావు, పి.ఆర్‌. అడిగ ఆ గింజల నుంచి ఒక అమైనో ఆమ్లాన్ని వేరుచేసి దాని నిర్మాణం తేల్చారు. క్లుప్తంగా దాన్ని ఓడాప్ అంటారు. అదే ఏడాది ఢిల్లీలో టి.ఆర్‌. శేషాద్రి బృందం కూడా అదే పదార్థం గురించి ప్రకటించింది. ఈ శేషాద్రి అంతకుముందు ఏళ్లపాటు వాల్తేరులో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రం చెప్పినవారే. రావు తర్వాత హైదరాబాద్ వచ్చి ఉస్మానియా విశ్వవిద్యాలయంలో దశాబ్దాల పాటు ఆ అణువు వెంటే నడిచారు. తెలుగు నేల మీద ఒక విషపు అమైనో ఆమ్లం మీద ఇంత ఓపికగా సాగిన పని మరొకటి నాకు కనిపించలేదు.

ఓడాప్ ప్రోటీన్లలోకి దూరదు. దాని పోలిక గ్లూటమేట్‌తో. గ్లూటమేట్ కూడా మామూలు అమైనో ఆమ్లమే, పప్పులో, పాలలో ఉండేదే. కానీ మెదడులో, వెన్నుపాములో దానికి ఇంకో కొలువు ఉంది: ఒక నరకణం పక్క నరకణానికి ‘లే’ అని చెప్పే సందేశం అదే. సందేశం అందగానే గ్లూటమేట్‌ను పక్కకు ఊడ్చేసే ఏర్పాటు ఉంది, దాంతో కణం మళ్లీ నెమ్మదిస్తుంది. ఓడాప్ వచ్చి ఆ సందేశాన్ని అందుకునే గ్రాహకం మీదే కూర్చుని ఆ పిలుపును ఆపకుండా వినిపిస్తుంది. కణం తలుపులు తెరిచే ఉంటాయి, కాల్షియం లోపలికి పోటెత్తుతుంది, మైటోకాండ్రియా అలసిపోతుంది. మరోవైపు కణంలోకి సిస్టిన్‌ను తెచ్చే దారిలో గ్లూటమేట్ పేరు చెప్పుకుని తానే అడ్డం పడుతుంది. సిస్టిన్ అందకపోతే గ్లూటాథయోన్ తయారవదు. ఒంట్లో పుట్టే మంటను ఆర్పే నీళ్లు అవే. నిప్పు పెట్టేదీ తనే, నీళ్ల దారి మూసేదీ తనే. 1997లో ఉస్మానియా బృందం ఇంకో సంగతి చూపింది: టైరోసిన్ అనే అమైనో ఆమ్లాన్ని ఖర్చుచేసే ఎంజైమును కూడా ఈ ఓడాప్ అణచగలదని. ఒక్క పోలికతో ఎన్ని గదుల్లోకి దూరవచ్చో దీన్ని చూస్తే తెలుస్తుంది. మెదడు నుంచి వెన్నుపాము అడుగుదాకా పోయే, కాళ్లను నడిపించే పొడవాటి నరాలకే దెబ్బ ఎక్కువగా తగులుతుంది.

గింజలో ఓడాప్ ఎంత ఉంటుందన్నది రకాన్ని బట్టి, నేలను బట్టి, వానను బట్టి మారుతుంది. నీటి ఎద్దడిలో పెరిగిన మొక్క దాన్ని ఎక్కువగా చేస్తుంది. ఈ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. కరువు ఏడాది మనిషికి ఆ పప్పు తప్ప గతి లేదు, సరిగ్గా ఆ ఏడాదే దానిలో విషం ఎక్కువ. మధ్యప్రదేశ్‌లోని రేవా ప్రాంతంలో భూస్వాములు వెట్టి కూలీలకు కూలి కింద ఈ గింజలే కొలిచేవారు. కొలిచినవాళ్ల ఇళ్లల్లో గోధుమ రొట్టెలు ఉండేవి. ఒకే ఊరిలో, ఒకే గాలిలో, నడక పోయినవాళ్లు ఒక వాడలో, పోనివాళ్లు ఇంకో వాడలో. గింజలో విషం ఉండటం రసాయన శాస్త్రం చెప్పాల్సిన సంగతి. మనిషి కంచంలో ఆ గింజ తప్ప మరొకటి లేకపోవడం ఆ శాస్త్రం చెప్పగలిగేది కాదు. కందిపప్పు, జొన్న, కాస్త కూర పక్కన చేరితే అదే గింజ చాలామందికి హాని చేయలేదు.

1961లో కేంద్రం ఈ పప్పు అమ్మకాన్ని నిషేధించింది. కొన్ని రాష్ట్రాలు ఆ నిషేధాన్ని పట్టించుకోలేదు. హైదరాబాద్‌లో, నేటి జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1960ల్లోనే ఒక దారి చెప్పారు: పప్పును వేడినీళ్లలో నానబెట్టి ఆ నీళ్లు పారబోస్తే విషంలో చాలా భాగం పోతుంది, ఓడాప్ నీటిలో కరుగుతుంది కాబట్టి. మంచి ఉపాయమే. అయితే నీళ్లు, పొయ్యిలోకి కట్టెలు కరువైన ఇంట్లో ఆ ఉపాయం ఎంతవరకు సాగుతుంది? తర్వాత రతన్, ప్రతీక్, మహాతివ్‌రా లాంటి ఓడాప్ తక్కువున్న రకాలు వచ్చాయి. ఇప్పుడు ఆ జబ్బు కొత్తగా రావడం బాగా తగ్గింది. నిషేధం కంటే పొలానికి నీళ్లు, రేషన్ బియ్యం, కూలి డబ్బు చేసిన మేలే అందులో ఎక్కువని నా నమ్మకం.

ఇదంతా ఎక్కడో వింధ్య అవతలి సంగతి అనుకునేవాళ్లు మా ఊరి పొలం గట్టు మీదికి రావాలి. వానాకాలంలో పసుపు సాళ్ల మధ్య గడ్డి తెగ పెరుగుతుంది. కలుపు తీసే కూలీలు దొరకరు, దొరికినా రేటు భరించలేం. 2018లో తెలంగాణ ప్రభుత్వం గ్లైఫోసేట్ అనే కలుపుమందు అమ్మకం మీద ఆంక్షలు పెట్టాక గ్లూఫోసినేట్ అనే మరో కలుపుమందు డబ్బాలు ఎక్కువగా కనిపించసాగాయి. ‘గీ మందు కొడితే రెండు మూడొద్దుల్ల గడ్డి పసుపు పచ్చగయి మాడిపోతది సారూ, పసుపాకు మీద పడకుంట సూసుకోవాలె’ అని మా పక్క పొలం అన్న పంపుకు హుడ్ తగిలించుకుంటూ చెప్పాడు. ఆ డబ్బాలో ఉన్నది కూడా గ్లూటమేట్ వేషమే. నేలలోని స్ట్రెప్టోమైసిస్ సూక్ష్మజీవులు తయారుచేసుకునే పదార్థాన్నే 1970ల్లో జర్మనీ, జపాన్ శాస్త్రవేత్తలు గుర్తించారు, తర్వాత కంపెనీలు దాన్ని ఫ్యాక్టరీలో తయారుచేయడం నేర్చుకున్నాయి. మొక్కలో గ్లూటమేట్‌కు అమ్మోనియాను కలిపే ఎంజైమ్ ఒకటుంది. గ్లూఫోసినేట్‌ను గ్లూటమేట్ అనుకుని ఆ ఎంజైమ్ తానే దానికి ఫాస్ఫేట్ తగిలిస్తుంది, తగిలించాక వదిలించుకోలేదు. పని ఆగిపోతుంది, అమ్మోనియా పేరుకుపోతుంది. ఎండ పడగానే ఆకులో ఆక్సిజన్ అదుపు తప్పి పొరలను కాల్చేస్తుంది. మబ్బు రోజున కొడితే మందు పని మందగించడానికి కారణం ఇదే.

ఆ స్ట్రెప్టోమైసిస్ మాత్రం తన విషంతో తాను చావదు. గ్లూఫోసినేట్‌కు ఒక చిన్న ముక్క అతికించి దాని వేషం చెరిపేసే జన్యువు దాని దగ్గర ఉంది. బార్ అంటారు దాన్ని. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో తయారైన జన్యుమార్పిడి ఆవాలు డీఎంహెచ్-11లో ఉన్నదీ ఆ జన్యువే. 2022 అక్టోబరులో వాటికి పర్యావరణ అనుమతి సిఫారసు చేసినప్పటి నుంచి సాగుతున్న వాదనలో చాలా భాగం చివరికి గ్లూఫోసినేట్ చుట్టూనే తిరుగుతోంది.

పోలిక ఉన్నంత మాత్రాన ప్రతిదీ వేషగాడు కాదు. గ్లైఫోసేట్ గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం నుంచి పుట్టింది కాబట్టి మన ప్రోటీన్లలో గ్లైసిన్ స్థానంలో కూర్చుంటుందని ఒక మాట బాగా తిరిగింది. మనుషుల కణాల్లో వెతికి చూసినప్పుడు అలా కూర్చున్న ఆనవాలు దొరకలేదు. గ్లైసిన్ అన్నిటికంటే చిన్న అమైనో ఆమ్లం. దానికి తోక తగిలిస్తే మొదటి జల్లెడే ఆపేస్తుంది. గ్లైఫోసేట్ గడ్డిని చంపేది వేరే దారిలో, మొక్కల్లో ఉండి మనలో లేని ఒక ఎంజైమును మూసి. ఆ మందు మీద అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. తప్పు కారణం చెప్పి భయపెడితే సరైన ప్రశ్న కూడా పలచబడుతుంది.

ఈ మోసమే మందు కూడా కాగలదని చూపినవాళ్లలో మనవాడు ఒకడున్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేయించారు. ఆ విటమిన్ తోకలో ఉన్నది కూడా గ్లూటమేటే. ఆయన బృందం దాని తల భాగంలో చిన్న మార్పు చేసి అమైనోప్టెరిన్ అనే దొంగ ఫోలిక్ ఆమ్లాన్ని సృష్టించింది. విభజన కోసం ఫోలిక్ ఆమ్లాన్ని ఆబగా అందుకునే రక్తక్యాన్సర్ కణం దీన్నీ అందుకుని ఆగిపోతుంది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని పిల్లలకు ఇచ్చి, పదహారుమందిలో పదిమందికి జబ్బు తాత్కాలికంగా తగ్గిందని 1948 జూన్‌లో ప్రకటించాడు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. అమైనోప్టెరిన్ తోబుట్టువు మెథోట్రెక్సేట్ నేటికీ క్యాన్సర్‌కూ, కీళ్లవాతానికీ వాడుకలో ఉంది. విషాన్నీ మందునూ వేరుచేసే గీత అణువులో కనిపించదు. ఎవరి చేతిలో, ఎంత మోతాదులో, ఎవరి అనుమతితో అన్నదే ఆ గీత.

ఇవన్నీ పక్కపక్కన పెట్టుకుంటే నాకు ఒక సంగతి తేలిపోయింది. కణం పోలికను నమ్మి బతుకుతుంది. నమ్మకుండా ప్రతి అణువునూ మొదటినుంచి చివరిదాకా తడిమి చూస్తూ కూర్చుంటే ఒక్క ప్రోటీన్ కూడా వేళకు తయారవదు. మోసపోయే అవకాశం నమ్మకానికి కట్టే పన్ను. అందుకని నమ్మకం మానేసిన ప్రాణి ఏదీ లేదు. బతికి బట్టకట్టినవన్నీ రెండో జల్లెడ పెట్టుకున్నవే. మనుషులకు రెండో జల్లెడ ఒంట్లో పుట్టదు, ఊరంతా కలిసి కట్టుకోవాలి. శనగపిండిలో ఖేసరి పిండినీ, పసుపుపొడిలో మెటానిల్ ఎల్లో అనే దొంగరంగునూ పట్టే ప్రయోగశాల అది. కూలివాడి కంచంలోకి ఒకటికి నాలుగు రకాల గింజలు చేర్చే రేషన్ దుకాణం కూడా అదే. ఇవి లేని చోట జాగ్రత్తగా ఉండండని పేదవాడికి చెప్పడం అతని మీద ఇంకో బరువు వేయడమే.

చివరగా పొలం ఉన్న నా ఆలూర్ వాళ్లకూ, ఇది చదివే రైతులందరికీ ఒక మాట. గ్లూఫోసినేట్ మన మెదడులోని గ్లూటమేట్ వ్యవస్థను కూడా తాకుతుంది. పొరపాటునో, మనస్తాపంతోనో ఎవరైనా ఆ మందు మింగితే, మొదట్లో మనిషి మామూలుగా మాట్లాడుతూ, నడుస్తూ ఉండవచ్చు. మూర్ఛలు, శ్వాస ఆగిపోవడం, జ్ఞాపకం పోవడం కొన్ని గంటల తర్వాత, ఒక్కోసారి రెండో రోజున మొదలవుతాయి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, బాగానే ఉన్నాడు కదా అని అక్కడి నుంచి ఇంటికి తీసుకురాకండి, డాక్టర్లు పొమ్మనేదాకా ఉంచండి, వెంట ఆ డబ్బాను కూడా తీసుకెళ్లండి. మిగిలిన మందును నీళ్ల సీసాలో, కూల్‌డ్రింక్ సీసాలో ఎన్నడూ పోయకండి. పైకి ఒకేలా కనిపించే రెంటిని వేరుచేసి చూపేది ఆ డబ్బా మీది కాగితం ఒక్కటే.